రాత్రి కరెంటు, పగటి వెచ్చదనం: బ్రిటన్ అద్దె ఇంట్లో స్టోరేజ్ హీటరుకు ఏ టారిఫ్ మేలు?

సెప్టెంబరులో లెస్టర్‌లోనో కోవెంట్రీలోనో ఫ్లాట్ చూడ్డానికి వెళ్లినప్పుడు హీటర్ల సంగతి ఎవరూ అడగరు. వంటగది ఎంతుంది, బస్‌స్టాప్ ఎంత దూరం, నలుగురం సర్దుకోవచ్చా అన్నవే అప్పటి ప్రశ్నలు. అక్టోబరు దాటాక ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, స్విచ్ వేసి గంటైంది, వేడి రావట్లేదు. బిల్లు మాత్రం బాగానే వస్తోంది." చాలా ఏళ్లుగా ఇలాంటి ఫోన్లకు చెబుతూ వచ్చిన జవాబులే ఇవి. ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్‌లకు వర్తిస్తాయి; ఉత్తర ఐర్లండ్‌లో నియంత్రణ వ్యవస్థ వేరు.

గోడకున్న ఈ బరువైన పెట్టె ఏమిటి? స్విచ్ వేస్తే వెంటనే ఎందుకు వేడెక్కదు?

మే నెలలో విజయవాడ డాబా గుర్తు తెచ్చుకోండి. పగలంతా ఎండ తాగిన శ్లాబు అర్ధరాత్రి దాకా సెగలు కక్కుతూనే ఉంటుంది. స్టోరేజ్ హీటరు చేసేదీ అదే, కాకపోతే వేళలు తారుమారు. లోపల పేర్చిన బరువైన ఇటుకలు రాత్రి చవక కరెంటుతో కాగి, ఆ వేడిని పగలంతా మెల్లగా వదులుతాయి. సాయంత్రం ఆరింటికి చలేసి స్విచ్ వేస్తే ఏమీ జరగదు. ఇవాళ్టి వెచ్చదనం నిన్న రాత్రే కొని పెట్టుకోవాలి.

పైన మూత తీస్తే రెండు మరలు కనిపిస్తాయి. ఇన్‌పుట్ మర రాత్రి ఎంత వేడి దాచాలో చెబుతుంది, ఔట్‌పుట్ మర దాచినది ఎంత వేగంగా వదలాలో చెబుతుంది. మనవాళ్లు చేసే పొరపాటు దాదాపు ఒకటే: చలికి భయపడి రెండూ చివరికంటా తిప్పేస్తారు. ఇటుకలు కాగుతుండగానే వేడి బయటికి పోతుంది. మూడు గంటలప్పుడు దుప్పటి తన్నేస్తారు, సాయంత్రం ఇంటికొచ్చేసరికి పెట్టె చల్లగా ఉంటుంది. పడుకునే ముందు ఔట్‌పుట్ తగ్గించండి. ఇన్‌పుట్‌ను రేపటి వాతావరణం చూసి ఈ రాత్రే సరిచేయండి. ఇంకో మాట, దాని మీద తువ్వాళ్లు ఆరేయకండి. నిప్పంటుకునే ప్రమాదం నిజంగానే ఉంది.

ఎకానమీ 7 అంటే ఏమిటి?

రోజులో ఏడు గంటలు ఒక రేటు, మిగతా పదిహేడు గంటలు ఇంకో రేటు. 1978 నుంచి ఉన్న పద్ధతి. రాత్రిపూట వాడకం పడిపోయినా పెద్ద విద్యుత్ కేంద్రాలను ఆపేయడం కుదరదు కాబట్టి ఆ కరెంటును చవగ్గా ఇచ్చి ఇటుకల్లో దాచుకోమన్నారు. ఏడు గంటల కరెంటు కోసం అర్ధరాత్రి మోటారు దగ్గరికి వెళ్లిన రైతు కుటుంబాల పిల్లలకు ఈ లెక్క చెప్పనక్కర్లేదు. అక్కడ ఆ ఏడు గంటలు దాటితే కరెంటు ఉండదు, ఇక్కడ ఉంటుంది. ధర మాత్రం ఎక్కువ.

ఆ ఏడు గంటలూ ఎప్పుడన్నది ప్రాంతాన్ని, మీటరును బట్టి మారుతుంది. రాత్రి పన్నెండున్నర నుంచి ఏడున్నర దాకా అన్నది తరచు కనిపించే వేళ. చాలా పాత మీటర్ల గడియారాలు వేసవి కాలమానానికి మారవు. అలాంటి చోట ఏప్రిల్‌లో అదే వేళ ఒకటిన్నర నుంచి ఎనిమిదిన్నర అవుతుంది. మీ మీటరు వేళలు ఏవో సప్లయరును రాతపూర్వకంగా అడగండి. పక్క ఫ్లాటువాళ్లు చెప్పిన వేళ మీది కాకపోవచ్చు. చవక గంటలు పదిగా విడివిడి ముక్కల్లో వచ్చే ఎకానమీ 10 మీటర్లూ కొన్ని ఇళ్లలో ఉన్నాయి.

మన దగ్గరలా తక్కువ వాడితే తక్కువ శ్లాబు ఉండదా?

ఉండదు. తొలి యూనిట్‌కీ వెయ్యో యూనిట్‌కీ ఒకటే ధర. ఎంత వాడారన్నదానితో పాటు ఏ వేళలో వాడారన్నదే ఇక్కడ లెక్క. పైగా ఒక్క యూనిట్ కాల్చకపోయినా రోజువారీ స్టాండింగ్ చార్జి పడుతుంది. సంక్రాంతికి నెల రోజులు ఇంటికి వెళ్లొచ్చినా అది ఆగదు.

అద్దెకున్నవాణ్ణి. కరెంటు కంపెనీని మార్చే హక్కు నాకుందా?

బిల్లు మీ పేరు మీద వచ్చి, మీరే నేరుగా సప్లయరుకు కడుతుంటే, ఉంది. నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. ఎవరు కడతారో వాళ్లే ఎంచుకుంటారు. ఓనరు కట్టి, ఆ తర్వాత మీ దగ్గర వసూలు చేస్తుంటే ఎంపిక ఓనరుదే.

ఇంట్లో దిగిన రోజు నుంచి మీరు పాత సప్లయరుతో 'డీమ్డ్ కాంట్రాక్టు'లో ఉన్నట్టు లెక్క. సంతకం పెట్టకపోయినా అంతే. ఆ కాంట్రాక్టు నుంచి బయటికి రావడానికి ఎగ్జిట్ ఫీజు లేదు, నోటీసు అక్కర్లేదు. మొదటి రోజే మీటరు ఫొటో తీసి, మీ పేరున ఖాతా తెరిపించుకుని, తర్వాత తీరిగ్గా పోల్చి చూసుకోవచ్చు. కొత్త కంపెనీకి మారడానికి సాధారణంగా అయిదు పనిదినాలు. మనసు మార్చుకోవడానికి 14 రోజుల గడువూ ఉంటుంది.

అగ్రిమెంటులో ఫలానా కంపెనీతోనే ఉండాలని రాశారు. మరి?

లెట్టింగ్ ఏజెంట్లకు ఇదో అలవాటు. ఏజెన్సీకి ఆ కంపెనీతో ఏదో ఒప్పందం ఉంటుంది, ఆ పేరు అగ్రిమెంటులోకి ఎక్కుతుంది. బిల్లు కట్టేది మీరైనప్పుడు అలాంటి షరతు మీ హక్కును అడ్డుకోలేదు. అది 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం కింద అన్యాయమైన షరతుగా తేలే అవకాశం ఉంది. అయినా మారే ముందు ఏజెంటుకు ఒక మెయిల్ పెట్టండి. అనుమతి అడగనక్కర్లేదు, "ఫలానా తేదీ నుంచి ఫలానా కంపెనీకి మారుతున్నాం" అని తెలియజేస్తే చాలు. డిపాజిట్ వెనక్కి తీసుకునే రోజున ఆ మెయిల్ అక్కరకొస్తుంది.

కంపెనీ మార్చడం వేరు, మీటరు మార్చడం వేరు. రెండు రేట్ల మీటరు తీసి ఒక రేటుది పెట్టించినా, ప్రీపేమెంట్ మీటరును మామూలు మీటరు చేసినా, ఇల్లు వదిలేటప్పుడు మళ్లీ ముందులా పెట్టించమని ఓనరు అడగొచ్చు, ఆ ఖర్చు మీ నెత్తిన పడొచ్చు. స్మార్ట్ మీటరు అడగడం బిల్లు కట్టేవాళ్ల ఇష్టమే. అయినా ముందుగా ఓనరుకు చెప్పండి.

అసలు సంగతి చెప్పండి. రెండు రేట్లా, ఒక రేటా?

ఒక్క అంకె తెలిస్తే చాలు: మీ మొత్తం యూనిట్లలో రాత్రివి నూటికి ఎన్ని? రెండు రేట్ల టారిఫ్‌లో రాత్రి ధర ఎంత తక్కువో అందరూ చెబుతారు. పగటి ధర మామూలు సింగిల్ రేటు కన్నా ఎక్కువన్న మాట మాత్రం చిన్న అక్షరాల్లో ఉంటుంది. రాత్రి మిగిల్చింది పగలు పోగొట్టుకుంటే అది బేరం కాదు.

లెక్క కోసం కొన్ని ధరలు అనుకుందాం. (మీ ప్రాంతపు అసలు ధరలు కోట్‌లో ఉంటాయి, వాటినే వేసుకోండి.) పగలు 32 పెన్స్, రాత్రి 16 పెన్స్, సింగిల్ రేటు 26 పెన్స్. పగటి రేటులోంచి సింగిల్ రేటు తీసేస్తే 6. పగటి రేటులోంచి రాత్రి రేటు తీసేస్తే 16. ఆరును పదహారుతో భాగిస్తే 0.375. అంటే మీ వాడకంలో 37.5 శాతం కన్నా ఎక్కువ రాత్రి గంటల్లో పడితే రెండు రేట్లు లాభం, అంతకన్నా తక్కువైతే నష్టం.

ఇప్పుడు ఒకే రకం ఫ్లాట్లు రెండు తీసుకోండి. మొదటి ఇంట్లో స్టోరేజ్ హీటర్లు సరిగ్గా వాడుతున్నారు, నీళ్ల ట్యాంకు కూడా రాత్రే కాగుతోంది. ఏడాదికి 5,200 యూనిట్లు, అందులో రాత్రివి 2,900. ఎకానమీ 7లో పగటివి 736 పౌండ్లు, రాత్రివి 464 పౌండ్లు, మొత్తం 1,200. సింగిల్ రేటులో అవే యూనిట్లు 1,352 పౌండ్లు. రెండో ఇంట్లో నలుగురు కుర్రాళ్లు. ఇనుప పెట్టె అర్థంకాక దాన్ని ఆపేసి, సాయంత్రాలు ఫ్యాన్ హీటరు పెట్టుకుంటున్నారు. ఏడాదికి 4,000 యూనిట్లు, రాత్రివి 800 మాత్రమే. ఎకానమీ 7లో వాళ్ల బిల్లు 1,152 పౌండ్లు, సింగిల్ రేటులో 1,040. మొదటి ఇంటికన్నా 1,200 యూనిట్లు తక్కువ కాల్చారు. మిగిలింది 48 పౌండ్లు, ఆపైన చలి. (స్టాండింగ్ చార్జి రెండింటికీ ఒకటే అనుకుని వదిలేశాను. అది కూడా తేడాగా ఉంటే కలుపుకోండి.)

ఇంకో లెక్క. 3.4 కిలోవాట్ల పెద్ద స్టోరేజ్ హీటరు ఏడు గంటలూ పూర్తిగా కాగితే 23.8 యూనిట్లు. మన ఉదాహరణ రాత్రి రేటులో 3 పౌండ్ల 81 పెన్స్, పగటి రేటులో 7 పౌండ్ల 62 పెన్స్. అందుకే హీటరు మీద 'బూస్ట్' మీట కనిపిస్తే ఆలోచించి నొక్కండి. అది పగటి కరెంటుతో పనిచేస్తుంది. నీళ్ల ట్యాంకు బూస్ట్ కూడా అంతే.

పోల్చి చూపే వెబ్‌సైట్లలో పగటి, రాత్రి యూనిట్లు విడిగా ఇవ్వండి. ఇవ్వకపోతే అవి ఒక సగటు నిష్పత్తి వేసేసుకుంటాయి, ఆ సగటు ఇల్లు మీది కాదు. ఆఫ్‌జెమ్ గుర్తింపు ఉన్న సైట్లైతే మంచిది.

అంట్లు, బట్టలు, వంట రాత్రికి మార్చుకుంటే?

వంట మార్చలేం. సాయంత్రం ఏడింటికి కుక్కరు కూత వేయాల్సిందే. వాషింగ్ మెషీన్‌ను టైమరుతో రాత్రి తిప్పమని చాలామంది సలహా ఇస్తారు. ఇక్కడి అగ్నిమాపక శాఖలు మాత్రం అందరూ నిద్రపోయాక మెషీన్లు నడపొద్దంటాయి. ఉదయం ఆరింటికి లేచేవారైతే చవక గంటలు ముగిసేలోపు ఒక విడత వేసుకోవచ్చు. రాత్రి ఒంటిగంటకు ఇడ్లీ పిండి గ్రైండరు వేయాలన్న ఆలోచన వస్తే, ముందు కింది ఫ్లాటువాళ్లను తలచుకోండి.

చలికాలం గుంటూరు నుంచి అమ్మానాన్న వచ్చి మూడు నెలలుంటే లెక్క మళ్లీ వేయండి. పగలంతా మనుషులుంటారు, టీలు, టీవీ, స్నానాలు, అన్నీ పగటి రేటులో. రాత్రి శాతం పడిపోతుంది. అయినా ఆ మూడు నెలల కోసం టారిఫ్ మార్చమని నేను చెప్పను. ఏడాది మొత్తం మీద చూడండి.

మీటరులో రెండు అంకెలున్నాయి. రాత్రిది ఏది?

అడగాల్సిన ప్రశ్న. కొన్నింటి మీద 'లో', 'నార్మల్' అని ఉంటుంది, కొన్నింటి మీద 'నైట్', 'డే' అని, మరికొన్నింటి మీద ఉత్త రేట్ 1, రేట్ 2 అని. రేట్ 1 అంటే పగలే అని అనుకోవద్దు.

ఈ పాఠం నాకు ఖర్చుతో వచ్చింది. మొదటి ఫ్లాట్‌లో హీటర్లన్నీ బుద్ధిగా వాడుతున్నా బిల్లు తగ్గలేదు. ఫిబ్రవరిలో ఒక రాత్రి ఒంటిగంటకు టార్చి పట్టుకుని మెట్ల కింది మీటరు గూడు తెరిచి కూర్చున్నాను. చలికి వేళ్లు బిగుసుకుపోతున్నాయి, చివరి అంకె గబగబా తిరుగుతోంది. తిరుగుతున్నది రేట్ 1. బిల్లులో దాన్ని 'పగలు' అని రాస్తున్నారు. ఇటుకలు తాగుతున్న ప్రతి యూనిట్‌కీ అయిదు నెలలుగా పగటి ధర కట్టాను. టైము కనిపించేలా రెండు ఫొటోలు తీసి పంపితే, రెండు మెయిళ్లు, మూడు ఫోన్ల తర్వాత ఆ కంపెనీ అంకెలు సరిచేసి తేడా డబ్బు వెనక్కి ఇచ్చింది. రాత్రంతా కూర్చోనక్కర్లేదు. పడుకునే ముందు ఒక ఫొటో, లేవగానే ఒక ఫొటో. ఎక్కువ పెరిగిన అంకె రాత్రిది.

స్టోరేజ్ హీటర్లు వాడకూడదని నిర్ణయించుకున్నాం. మీటరు మార్చాల్సిందేనా?

అక్కర్లేకపోవచ్చు. రెండు అంకెల మీటరు ఉన్నా రెండూ కలిపి సింగిల్ రేటు వేసే కంపెనీలున్నాయి. స్మార్ట్ మీటరైతే దూరం నుంచే మార్చేస్తారు. కానీ వైరింగు చూసుకోండి. చాలా ఇళ్లలో హీటర్లకు విడిగా ఫ్యూజు పెట్టె ఉంటుంది, దానికి కరెంటు చవక గంటల్లోనే వస్తుంది. టారిఫ్ మారినంత మాత్రాన ఆ హీటర్లు పగలు పనిచేయవు.

ముందుగా హీటర్లను రెండు వారాలు సరిగ్గా వాడి చూడండని నా సలహా. బాగున్న హీటర్లను పక్కనబెట్టి ఫ్యాన్ హీటరు కొనడమంత దండగ వేరే లేదు.

మా మీటరు రేడియో సంకేతంతో పనిచేస్తుందట. ఏమిటది?

దశాబ్దాల కింద పెట్టిన కొన్ని మీటర్లకు బీబీసీ రేడియో 4 లాంగ్ వేవ్ ప్రసారంతో పాటు చెవికి వినిపించని సంకేతం ఒకటి వస్తుంది. రాత్రి రేటు ఎప్పుడు మొదలవ్వాలో, హీటర్లు ఎప్పుడు వెలగాలో అదే చెబుతుంది. పేరు రేడియో టెలీస్విచ్. ఆ పరికరాల కాలం చెల్లడంతో 2025 జూన్ 30 నుంచి ఈ సేవను ప్రాంతాలవారీగా ఆపడం మొదలుపెట్టారు. సంకేతం ఆగిన ఇంట్లో హీటరు వేళ తప్పొచ్చు, అసలు వెలగకపోవచ్చు, ఆరకపోవచ్చు. మీటరు పక్కన విడిగా ఒక పెట్టె ఉండి దాని మీద ఆ పేరు ఉంటే వెంటనే సప్లయరుకు ఫోన్ చేయండి. మార్చే బాధ్యత వాళ్లది. ఫోన్ చేసేది ఓనరా, మీరా అని తర్జనభర్జన వద్దు, ఖాతా ఎవరి పేరున ఉంటే వాళ్లు.

ఫిక్స్‌డ్ టారిఫ్ తీసుకోమంటారా?

ఆఫ్‌జెమ్ ప్రైస్ క్యాప్ 2019 జనవరి 1 నుంచి ఉంది, ఇప్పుడు మూడు నెలలకోసారి మారుతుంది. అది ఫిక్స్‌డ్ కాని మామూలు టారిఫ్‌లో యూనిట్ ధరకూ స్టాండింగ్ చార్జికీ పరిమితి, మీ మొత్తం బిల్లుకు కాదు. టీవీలో చెప్పే ఏడాది అంకె ఒక నమూనా ఇంటిది. ఫిక్స్‌డ్‌లో ధర నిలకడగా ఉంటుంది కానీ మధ్యలో మానుకుంటే ఎగ్జిట్ ఫీజు ఉండొచ్చు. చివరి 49 రోజుల్లో మారితే ఆ ఫీజు వేయకూడదు. కోర్సు తొమ్మిది నెలల్లో అయిపోతుందంటే ఏడాది ఫిక్స్‌డ్ ఎందుకు? ఎగ్జిట్ ఫీజు లేనిది దొరికితే తప్ప వద్దు.

ఓనరే యూనిట్ ఇంత అని వసూలు చేస్తున్నాడు. ఎంతైనా అడగొచ్చా?

అడగకూడదు. తాను కొన్న ధరకన్నా ఎక్కువకు కరెంటు తిరిగి అమ్మకూడదన్న గరిష్ఠ పునర్విక్రయ ధర నియమం ఉంది. యూనిట్ ధర, స్టాండింగ్ చార్జిలో మీ వాటా, 5 శాతం వ్యాట్, అంతే. బిల్లు చూపించమని మర్యాదగా అడగండి. అద్దెలోనే అన్నీ కలిపి ఒకే మొత్తం తీసుకుంటుంటే మాత్రం ఈ నియమం పనికిరాదు.

ప్రీపేమెంట్ మీటరులో డబ్బులు వేస్తే సగం మాయమవుతున్నాయి.

మీటరు పాత అద్దెదారు అప్పు కోసుకుంటూ ఉండొచ్చు. అది మీరు కట్టాల్సింది కాదు. సప్లయరుకు మీరు దిగిన తేదీ, అగ్రిమెంటు కాపీ పంపి మీటరు సరిచేయించుకోండి, కోసుకున్నది వెనక్కి అడగండి. కొత్త ఇంట్లో పాత మీటరు కీ దొరికిందని టాప్‌అప్ చేసేయొద్దు.

హీటరే పాడైంది. ఎవరు బాగు చేయించాలి?

ఓనరు. ఇంగ్లండ్‌లో 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం 11వ సెక్షను ప్రకారం గది వేడికీ నీళ్ల వేడికీ ఉన్న ఏర్పాట్లు పనిచేసేలా ఉంచాల్సింది ఆయనే. వేల్స్‌లో 2016 నాటి రెంటింగ్ హోమ్స్ చట్టం, స్కాట్లండ్‌లో రిపేరింగ్ స్టాండర్డ్ అదే పని చేస్తాయి. "ప్లగ్ హీటరు ఇచ్చాను కదా" అన్నది తాత్కాలికంగా సరే, శాశ్వతంగా కుదరదు. దాని బిల్లు మీ మీద పగటి రేటులో పడుతుంది. పట్టించుకోకపోతే కౌన్సిల్ ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ విభాగానికి చెప్పండి. అతిశీతలం అన్నది వాళ్ల దృష్టిలో ఆరోగ్య ప్రమాదమే. ఇంటి ఈపీసీ (ఇంధన సామర్థ్య ధ్రువపత్రం) గ్రేడు చూడ్డం కూడా మరవకండి. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఎఫ్, జీ గ్రేడు ఇళ్లను, మినహాయింపు ఉంటే తప్ప, అద్దెకివ్వకూడదు.

వీసా మీద ఉన్నాం. సాయం ఏమైనా వస్తుందా?

వార్మ్ హోమ్ డిస్కౌంట్ 150 పౌండ్లు కొన్ని ప్రభుత్వ భృతులు అందుకునేవాళ్లకు. స్టూడెంట్, వర్క్ వీసాల మీదున్న చాలామందికి ఆ భృతులకే అర్హత ఉండదు. ప్రయారిటీ సర్వీసెస్ రిజిస్టరు (అదనపు సాయం అవసరమైనవాళ్ల జాబితా) మాత్రం వేరే సంగతి. ఇంట్లో గర్భిణి, పసిపిల్లలు, వృద్ధులు ఉంటే సప్లయరు దగ్గర ఉచితంగా నమోదు చేసుకోవచ్చు.

కంపెనీతో గొడవ తెగడం లేదు.

ముందు రాతపూర్వకంగా 'ఇది ఫిర్యాదు' అని చెప్పి పంపండి, ఆ తేదీ రాసిపెట్టుకోండి. ఎనిమిది వారాల్లో తేలకపోతే ఎనర్జీ అంబుడ్స్‌మన్ దగ్గరికి ఉచితంగా వెళ్లొచ్చు. తప్పు వాళ్లదై, బిల్లు వేయడం మరిచిపోయి ఒక్కసారిగా పెద్ద మొత్తం అడిగితే, 12 నెలలకన్నా పాత వాడకానికి డబ్బు అడిగే హక్కు వాళ్లకు లేదు.

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు?

తాళాలిచ్చే ఉదయం మీటరు ఫొటో తీయండి. రెండు అంకెలూ కనిపించాలి, మీటరు నంబరూ కనిపించాలి. కొన్ని మీటర్లలో మీట నొక్కితేనే రెండోది వస్తుంది, ఒకటి చూసి వచ్చేయకండి. ఆ రోజే సప్లయరుకూ ఏజెంటుకూ ఒకే మెయిల్‌లో పంపి, చివరి బిల్లు కోసం కొత్త చిరునామా ఇవ్వండి. వెళ్లేది నేరుగా హైదరాబాదుకైతే, చివరి బిల్లు కట్టేదాకా ఇక్కడి బ్యాంకు ఖాతా మూయకండి. కరెంటు ఖాతాలో మీ డబ్బే మిగిలి ఉంటే అది వెనక్కి వచ్చేదీ అందులోకే.